మన చిన్నపిల్లల టూరు ఎటు పోవాలి?
(ఎర్రుపాలెంలో జరిగిన మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో పిల్లల చదువు ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుట్నుంచి పొదుపుల లెక్క, బ్యాంకు లింకేజీ లెక్క, స్త్రీనిధి బకాయిల లెక్క విన్నాం. అన్నీ అవసరమే. ఇప్పుడు మేము చెప్పబోయేది రూపాయల్లో చూస్తే చాలా చిన్న సంగతి. కానీ దాని మీద ఈ ఏడాది మన గ్రామ సంఘాల్లో బాగానే మాటలు నడిచాయి, కొన్నిచోట్ల అలకలు కూడా అయ్యాయి. సంగతేమిటంటే, అంగన్‌వాడీకి వచ్చే మూడేళ్ళ నుంచి ఆరేళ్ళ లోపు పిల్లల్ని టూరు తీసుకెళ్ళడానికి సమాఖ్య డబ్బు ఇవ్వాలని కొన్ని ఊళ్ళవాళ్ళు అడిగారు. ఒకరు విజయవాడ పార్కు అన్నారు. ఒకరు కిన్నెరసాని దగ్గర జింకల్ని చూపిద్దాం అన్నారు. ఇంకొకరు భద్రాచలం, పర్ణశాల అన్నారు. నీళ్ళ ఆటల పార్కు అన్నవాళ్ళూ ఉన్నారు.

అడిగినవాళ్ళను మేము తప్పు పట్టం. ఎందుకు అడిగారో మాకు తెలుసు. పక్క సందులో ప్రైవేటు బడి బస్సు వచ్చి ఆగుతుంది. ఆ బడి పిల్లలు రంగు టోపీలు పెట్టుకుని ఎక్కడికో పోయొస్తారు. ఫోటోలు తల్లుల ఫోన్లకు వస్తాయి. మన బిడ్డ ఆ ఫోటో చూసి "అమ్మా, మా బడోళ్ళు తీసుకపోరా?" అంటాడు. ఆ మాటకు మనసు చివుక్కుమంటుంది. మరుసటి ఏడు అప్పు చేసైనా సరే ఆ బడిలో వేస్తాం. అంగన్‌వాడీలో ఒక పిల్ల తగ్గుతుంది, సంఘంలో ఒక అప్పు పెరుగుతుంది. కాబట్టి టూరు అనేది చిన్న ముచ్చట కాదు.

అయితే ఎక్కడికి పోవాలి, ఎట్లా పోవాలి అన్న దాని మీద మాకు ఒక అనుభవం ఉంది. ముందు అది చెప్పుకుని, తర్వాత సలహాల్లోకి వస్తాం.

కొన్నేళ్ళ కింద మేము మా ఊరి గ్రామ సంఘంలో ఉత్సాహపడి ఒక టూరు పెట్టాం. ఊరి పేరు చెప్పం, తప్పు మాదే కాబట్టి. ఒక తిరునాళ్ళకు పోదాం అనుకున్నాం. ట్రాక్టరు ట్రక్కులో గడ్డి పరిచి, మీద పట్టా వేసి, ముప్పై మంది దాకా పిల్లల్ని ఎక్కించాం. తోడుగా పెద్దవాళ్ళం ఏడుగురం. పోయేటప్పుడు పాటలు, కేకలు, బాగానే ఉంది. అక్కడ దిగాక జనం, మైకులు, రంగులరాట్నాలు, జీళ్ళ అంగళ్ళు. మేమూ ఏడాదికోసారి బయటికి వచ్చినవాళ్ళమే కదా! ఒకరు గాజుల దగ్గర ఆగారు, ఒకరు మొక్కు తీర్చుకోవడానికి క్యూలో నిలబడ్డారు. కాసేపటికి లెక్క పెడితే ఒక పాప తక్కువ.

మళ్ళీ లెక్క పెట్టాం. మళ్ళీ తక్కువే. ఆ అరగంట మాకు ఎట్లా గడిచిందో ఈ మైకు ముందు చెప్పలేం. చివరికి ఆ పాప ఒక బొమ్మల అంగడి బల్ల కింద నిద్రపోతూ కనిపించింది. ఎండకు, గోలకు అలిసిపోయి నీడ చూసుకుని పడుకుంది, అంతే. దేవుడి దయ, ఏమీ కాలేదు. సాయంత్రం ఊరికొచ్చి వాళ్ళ అమ్మకు జరిగింది దాచకుండా చెప్పాం. ఆమె మన సంఘం సభ్యురాలే. తిట్టలేదు. "అక్కా, మీరు పోయింది పిల్లలకు చూపించడానికా, మీరు చూడటానికా?" అని ఒక్కటే అడిగింది.

ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. ఇంటికి పోయి ఆలోచిస్తే నిజమే అనిపించింది. పిల్లలు ఆ రోజు ఏం చూశారు? ముందు నిలబడ్డ పెద్దవాళ్ళ చీర కుచ్చెళ్ళు, పంచెల అంచులు చూశారు. నాలుగేళ్ళ బిడ్డ ఎత్తుకు అంతకంటే ఏం కనపడుతుంది? మరునాడు టీచరమ్మ "నిన్న ఏం చూశారురా?" అని అడిగితే, "ట్రాక్టరు" అన్నారు ఎక్కువ మంది. ట్రాక్టరు మన వాకిట్లోనే ఉంది. దాన్ని చూడటానికి తిరునాళ్ళ దాకా పోవాలా?

అప్పట్నుంచి మేము మానేశామని అనుకోకండి. మానలేదు. తీరు మార్చాం.

తర్వాతి ఏడు, సెంటరుకు నడిచి పోయే దూరంలో ఉన్న కుమ్మరి ఇంటికి తీసుకెళ్ళాం. పదిమంది పిల్లలు, నలుగురు పెద్దవాళ్ళు. పోవడానికి పది నిమిషాలు, అక్కడ అరగంట, రావడానికి పది నిమిషాలు. ఆయన సారె తిప్పి మట్టి ముద్ద పెడితే అది పైకి లేచి కుండ కావడం చూసి పిల్లలు నోరు తెరిచారు. ఒక పిల్లాడు "తాతా, మట్టికి నొప్పి పుట్టదా?" అని అడిగాడు. ఒక్కొక్కరి చేతిలో ఆయన కొంచెం తడి మట్టి పెట్టాడు. అంతే, వారం రోజులు సెంటరు వెనక అదే ఆట. గిన్నెలు, పొయ్యిలు, పాములు, లడ్డూలు, అన్నీ మట్టివే. ఖర్చు ఎంత? ఆయనకు తువాలు పెట్టాం, పిల్లలకు అరటిపండ్లు కొన్నాం. అంతే ఖర్చు.

ఇంకో సంగతి. మా సెంటర్లో ఒక పిల్లాడు ఉండేవాడు. నోరు విప్పేవాడు కాదు. పాట అంటే పలికేవాడు కాదు, రంగు అంటే చెప్పేవాడు కాదు. వీడికి బుర్ర తక్కువేమో అని మాలోనే కొందరం అనుకున్నాం, ఇప్పుడు చెప్పుకుంటే సిగ్గేస్తుంది. వాళ్ళ నాన్న మేకలు కాస్తాడు. ఒకరోజు పొద్దున మేకలు మేతకు పోకముందే పిల్లల్ని వాళ్ళ దొడ్డికి తీసుకెళ్ళాం. ఇక చూడండి! ఏ మేక ఎప్పుడు ఈనింది, ఏ పిల్ల దేని పిల్ల, ఏ ఆకు తింటే కడుపుబ్బుతుంది, ఏది పొడుస్తుంది, దేన్ని ముట్టుకోవచ్చు, అన్నీ వాడే చెప్పాడు. మిగతా పిల్లలు వాడి వెనకే తిరిగారు. టీచరమ్మ కూడా వాడిని అడిగి తెలుసుకుంది. ఆ రోజు తర్వాత వాడు సెంటర్లో మాట్లాడటం మొదలుపెట్టాడు. బుర్ర తక్కువ వాడికి కాదు, వాడికి తెలిసింది అడగని మాకు.

ఈ ఆలోచన మనం కొత్తగా కనిపెట్టింది కాదు అక్కలారా. మన దేశంలో చిన్నపిల్లల బడుల కోసం జీవితం ధారపోసిన తారాబాయి మోడక్ గారు, అనుతాయి వాఘ్ గారు అనే ఇద్దరు ఆడవాళ్ళు ఉన్నారు. 1945లో మహారాష్ట్రలోని బోర్డీ అనే ఊళ్ళో పేద పిల్లల కోసం బాలవాడి మొదలుపెట్టారు. పిల్లలు బడికి రాకపోతే, బడే పిల్లల వాకిట్లోకి పోవాలి అన్నారు. ఇవాళ మనం అంటున్న అంగన్‌వాడీ, అంటే వాకిట్లో బడి, ఆ ఆలోచనకు దగ్గరిదే. తర్వాత కోస్‌బాడ్ కొండల్లో వార్లీ గిరిజన పిల్లల దగ్గరికి వెళ్ళారు. పశువులు కాసే పిల్లలు బడికి రాలేకపోతే, పశువులు మేసే చోటికే బడిని తీసుకెళ్ళారు. ఆకులు, రాళ్ళు, గింజలు, పిట్టలు, ఇవే పాఠాలు.

జపాన్ దేశపు రచయిత్రి తెత్సుకో కురొయనాగి రాసిన పుస్తకం తెలుగులో 'రైలుబడి' పేరుతో వచ్చింది. మన లైబ్రరీల్లో దొరుకుతుంది, చదువు వచ్చిన చెల్లెళ్ళు చదివి మిగతావాళ్ళకు చెప్పండి. పాత రైలు పెట్టెల్లో నడిచిన బడి కథ అది. ఆ బడి పిల్లల్ని ఊరికే నడిపించుకుని పొలాల వెంట పోయేవారు. దారిలో పువ్వు కనపడితే ఆగి చూపించేవారు. పిల్లలు షికారు అనుకునేవాళ్ళు, అదంతా చదువే అని తెలియకుండానే నేర్చుకునేవాళ్ళు.

ప్రభుత్వం వాళ్ళు కూడా ఇదే చెప్తున్నారు. మన అంగన్‌వాడీల పథకం, ఐసీడీఎస్, 1975 అక్టోబరు 2న మొదలైంది. మన తల్లులు చిన్నగా ఉన్నప్పటి సంగతి. అప్పట్లో సెంటరంటే పిండి పంచే చోటు అనుకునేవాళ్ళం. 2020 జాతీయ విద్యా విధానం వచ్చాక మూడేళ్ళ నుంచే చదువు మొదలైనట్టు లెక్క. బిడ్డ మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్ళ లోపే జరుగుతుందని అందులోనే రాశారు. 2024లో మూడు నుంచి ఆరేళ్ళ పిల్లల కోసం 'ఆధారశిల' అని ఒక పాఠ ప్రణాళిక తెచ్చారు. అందులోనూ ఆటే ముఖ్యం. కాబట్టి టీచరమ్మ పిల్లల్ని బయటికి తీసుకెళ్తుంటే "పలకలు వదిలేసి తిప్పుతోందేమిటి?" అని మనం అనకూడదు. ఆమె పనే ఆమె చేస్తోంది.

ఇక అసలు విషయానికి వద్దాం. ఏ చోటు మంచిది, ఏది కాదు అని ఎట్లా తేల్చుకోవాలి? మేము మా ఉపసంఘంలో కూర్చుని, టీచరమ్మలను అడిగి, మా తప్పుల్ని గుర్తుచేసుకుని కొన్ని ప్రశ్నలు తయారుచేశాం. ఈ ప్రశ్నలన్నిటికీ "అవును" అని జవాబు వస్తేనే బయల్దేరండి.

మొదటిది. అక్కడ బిడ్డ తన ఎత్తు నుంచి చూడగలడా, చేత్తో ముట్టుకోగలడా? చిన్నపిల్లలు చెవితో కంటే చేత్తో ఎక్కువ నేర్చుకుంటారు. గాజు పెట్టెల్లో దూరంగా పెట్టినవి, పెద్దవాళ్ళకు గొప్పగా అనిపించే పాత కట్టడాలు వీళ్ళకు పట్టవు. నేలకొండపల్లి బౌద్ధ స్తూపం మన జిల్లాకే గొప్ప. ఖమ్మం ఖిల్లా కూడా అంతే. హైస్కూలు పిల్లలకు తప్పకుండా చూపించాలి. నాలుగేళ్ళ బిడ్డకు మాత్రం స్తూపం ఒక పెద్ద దిబ్బ, ఖిల్లా మెట్లు కాళ్ళ నొప్పి. తొందరపడొద్దు, వాళ్ళు పెరిగాక అవి అక్కడే ఉంటాయి.

రెండోది. పొద్దున బయల్దేరి మధ్యాహ్నం అన్నం వేళకు సెంటరుకు తిరిగి రాగలమా? ఈ వయసు పిల్లలకు నిద్ర, ఆకలి, ఒంటికి రెండికి పోవడం, ఇవి మన టైము ప్రకారం రావు. కిన్నెరసాని, భద్రాచలం మనకు పక్కన లేవు. మన మండలం జిల్లాకు ఈ కొసన ఆంధ్రా సరిహద్దులో ఉంది, అవి ఆ పక్క అడవి వైపు ఉన్నాయి. పోను రాను రోజంతా బస్సులోనే అయిపోతుంది. వాంతులు, ఏడుపులు, అక్కడికి పోయేసరికి జింక ముందు నిద్ర. జింకల్ని చూపించాలంటే ఆ టూరు కుటుంబంతో పోవాల్సింది, అంగన్‌వాడీ టూరు కాదు.

మూడోది. అక్కడ నీళ్ళున్నాయా? ఉంటే ఎంత దగ్గర? దీని మీద మేము కాస్త గట్టిగా చెప్తాం, కోపం తెచ్చుకోవద్దు. 2014 జూన్ 8న హైదరాబాదు నుంచి టూరు పోయిన 24 మంది ఇంజనీరింగు విద్యార్థులు హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నదిలో కొట్టుకుపోయారు. పైన డ్యాం నీళ్ళు వదిలారు, వాళ్ళకు తెలియదు. ఈత ఈదగలిగే వయసు పిల్లలకే ఆ గతి పట్టింది. 2024 జనవరి 18న గుజరాత్‌లో వడోదర దగ్గర హర్నీ చెరువులో బడి పిక్నిక్కు వచ్చిన పిల్లల పడవ తిరగబడి 12 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. పడవలో పట్టేదానికంటే ఎక్కువ మందిని ఎక్కించారు. మనం దూరం పోనక్కర్లేదు, 2024 సెప్టెంబరు 1న మున్నేరు ఖమ్మంలో ఎట్లా వచ్చిందో అందరం చూశాం. అందుకని చెరువు కట్ట, సాగర్ కాలువ, వాగు, పడవ, నీళ్ళ ఆటల పార్కు, ఇవేవీ ఆరేళ్ళ లోపు పిల్లల టూరుకు వద్దు. మోకాలి లోతు నీళ్ళు చాలు చిన్నబిడ్డకు. చెరువులో కొంగలు చూపించాలంటే దూరంగా, ఒక్కో పెద్దమనిషి చేతికి ఇద్దరు పిల్లల్ని ఇచ్చి చూపించండి. కట్ట ఎక్కొద్దు.

నాలుగోది. గాలి మంచిదేనా? ఖమ్మం మిర్చి మార్కెట్ గొప్పదే. కానీ ఆ ఘాటుకు పెద్దవాళ్ళమే తుమ్ముతాం, పిల్లలు కళ్ళు నలుపుకుని ఏడుస్తారు. రైసు మిల్లు, పత్తి మిల్లు దుమ్ము కూడా అంతే. పొలానికి తీసుకెళ్ళేటప్పుడు మందు కొట్టిన మడిలోకి పోవద్దు. రైతును ముందే అడగండి, "ఈ మధ్య ఏమైనా పిచికారీ చేశావా అన్నా?" అని. మిర్చి, పత్తి చేలల్లో ఎప్పుడూ ఏదో ఒక మందు పడుతూనే ఉంటుంది. కాబట్టి కూరగాయల పాదులు, మామిడి తోట, నారుమడి, మొక్కజొన్న, ఇట్లాంటివి మేలు. ఖాళీ మందు డబ్బాలు పడేసిన గట్ల మీద కూర్చోబెట్టొద్దు.

అయిదోది. అందరు పిల్లలూ రాగలరా? కాలు సరిగా లేని బిడ్డ ఉంటే, ఆ బిడ్డ రాగలిగిన చోటే పోదాం. ఆ బిడ్డను ఇంట్లో వదిలి మిగతావాళ్ళం పోతే, ఆ బిడ్డకు మనం నేర్పిందేమిటి? అట్లాగే ఊళ్ళో సెంటరు, కాలనీ సెంటరు కలిసి పోవాలి. "వాళ్ళ వాడకు మా పిల్లల్ని పంపం" అన్న మాట ఒకటి రెండుచోట్ల మా చెవిన పడింది. అక్కలారా, సంఘంలో మనం ఒకే చాప మీద కూర్చుని ఒకే రిజిస్టర్లో సంతకం పెడుతున్నాం. పిల్లల దగ్గరికొచ్చేసరికి ఈ గీతలెందుకు? చెప్పులు కుట్టే పనితనం చూడటానికి, డప్పు కట్టడం చూడటానికి, బట్ట నేయడం చూడటానికి ఆ వాడలకే పోవాలి. పని నేర్చినవాళ్ళు ఎక్కడుంటే అక్కడే బడి.

గుడి సంగతి కూడా చెప్పుకుందాం. జమలాపురం వెంకటేశ్వర స్వామి గుడి మన మండలానికి పేరు తెచ్చింది. చిన్న తిరుపతి అని ఎక్కడెక్కడి నుంచో వస్తారు. కానీ సెంటర్లో ముస్లిం బిడ్డలు, క్రైస్తవ బిడ్డలు కూడా ఉంటారు. దేవుడి దర్శనం ఏ ఇంటివాళ్ళు ఆ ఇంట్లో చేయిస్తారు. సెంటరు తరఫున పోతే గుట్ట, చెట్లు, కోతులు చూడటానికి పోవాలి, అదీ అన్ని ఇళ్ళవాళ్ళూ సరే అంటేనే. శనివారం మాత్రం వద్దు, ఆ జనంలో మా తిరునాళ్ళ కథే మళ్ళీ జరుగుతుంది. కోతుల దగ్గర చేతిలో తినేవి ఉండకూడదు.

మరి పోదగిన చోట్లు ఏవి? మేము ఒక వరుస చెప్తాం, మీ ఊరిని బట్టి మార్చుకోండి.

మూడేళ్ళ పిల్లలకు వీధి చాలు. వేప చెట్టు కిందికి పోయి ఆకులు ఏరుకోవడం, కిరాణా కొట్లో పప్పుల సంచులు ముట్టుకుని పేర్లు చెప్పడం, కోళ్ళ గూడు చూడటం. పావుగంట నడక మించకూడదు.

నాలుగేళ్ళ పిల్లలకు మనుషులు చేసే పనులు చూపించండి. కుమ్మరి సారె, దర్జీ మిషను, పోస్టాఫీసు, పాలకేంద్రం. పాలకేంద్రానికి పొద్దున్నే పోతే మన అక్కలే పాలు పోస్తూ కనపడతారు. "మా అమ్మ! మా అమ్మ!" అని పిల్లలు ఎగురుతారు. అమ్మ పని కూడా చూడదగ్గ పనే అని బిడ్డకు తెలియడం కంటే పెద్ద టూరు ఏముంది? మన సంఘాల అక్కలు బడి యూనిఫారాలు కుట్టే చోటికి కూడా తీసుకెళ్ళండి. అన్న చొక్కా ఎక్కడ తయారైందో చూస్తారు.

అయిదేళ్ళు నిండినవాళ్ళకు రెండు చోట్లు ముఖ్యం. ఒకటి, వచ్చే ఏడు వాళ్ళు చేరబోయే ప్రభుత్వ బడి. ఒకటో తరగతి గదిలో కూర్చోబెట్టి, ఆ టీచరును పరిచయం చేసి, మధ్యాహ్న భోజనం వంటగది చూపించి తీసుకురండి. జూన్‌లో బడి తెరిచిన రోజు ఏడుపు సగం తగ్గుతుంది. 2024 నుంచి అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలకు గ్రామ సంఘం అధ్యక్షురాళ్ళే చైర్‌పర్సన్లు కదా, కాబట్టి హెడ్మాస్టరుతో మాట్లాడటం మన చేతిలో పనే. ప్రైవేటు బడి బస్సుకు ఇదీ మన జవాబు. బిడ్డకు మన బడి ముందే సొంతమైపోవాలి.

రెండోది మన ఎర్రుపాలెం రైలు స్టేషను. కాజీపేట, విజయవాడ మధ్య లైను మీద రోజూ ఎన్ని బండ్లు పోతాయో! పిల్లలకు రైలంటే ప్రాణం. స్టేషను వాళ్ళను ముందే అడిగి, పెద్దవాళ్ళందరికీ ప్లాట్‌ఫారం టికెట్లు తీసుకుని, గోడ పక్కన బెంచీల మీద కూర్చోబెట్టండి. ఆగకుండా పోయే బండ్లు చాలా వేగంగా పోతాయి, ఆ గాలికి పిల్లలు తూలతారు. అంచుకు రానివ్వొద్దు. పెట్టెలు లెక్కపెట్టడం, గార్డు తాతకు చేయి ఊపడం, ఎర్ర జెండా, పచ్చ జెండా, ఒక గంటలో లెక్కలు, రంగులు రెండూ అయిపోతాయి. పట్టాలు ఎందుకు దాటకూడదో కూడా అక్కడే చెప్పండి, ఆ మాట జన్మంతా పనికొస్తుంది.

దూరపు టూరు ఏడాదికి ఒకటి కావాలి అని పట్టుబడితే, మేము కొండపల్లి చెప్తాం. మన లైను మీదే, సరిహద్దు దాటాక కొన్ని స్టేషన్ల అవతల ఉంది. అక్కడ తెల్లపొణికి చెక్కతో బొమ్మలు చేస్తారు. తేలికపాటి చెక్క అది. ముక్కల్ని చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి రంగులు వేస్తారు. ఎడ్లబండి, తాటిచెట్టు ఎక్కే మనిషి, ఏనుగు అంబారీ, దంచే ఆడమనిషి, అన్నీ మన పల్లెల్లో ఉన్నవే. బిడ్డ చేతిలో ఇమిడేంత బొమ్మ, కళ్ళ ముందు తయారవుతుంటే చూడటం అన్నది ఈ వయసుకు తగ్గ సంగతి. అయితే ఇది అయిదేళ్ళు నిండినవాళ్ళకే, బిడ్డకు ఒక తల్లి లేదా నాయనమ్మ తోడుంటేనే. చిన్న స్టేషన్లలో బండి ఆగేది ఒకటి రెండు నిమిషాలు. ఇరవై మంది పిల్లల్ని ఇద్దరు మనుషులు దించలేరు.

ఇక బయల్దేరే ముందు పనులు. ఇద్దరు మనుషులు ముందురోజు ఆ చోటికి పోయి చూసి రావాలి. కుక్కలు తిరుగుతున్నాయా, మూత లేని బావి ఉందా, ఒంటికి పోయే చోటుందా, తాగే నీళ్ళున్నాయా, నీడ ఉందా? బయటికి పోయినప్పుడు ముగ్గురు నలుగురు పిల్లలకు ఒక పెద్దమనిషి ఉండాలి. ఆ పిల్లల పేర్లు ఆమెకు ముందే చెప్పాలి. "అందరూ చూస్తున్నారులే" అంటే ఎవరూ చూడటం లేదని అర్థం. మాకు తెలుసు. బయల్దేరేటప్పుడు, చేరాక, తిరిగేటప్పుడు, వచ్చాక, నాలుగుసార్లు లెక్క పెట్టాలి. పిల్లల జేబులో టీచరమ్మ ఫోన్ నంబరు రాసిన చీటీ పెట్టండి. బిడ్డ పేరు మెడలో రాసి వేలాడదీయొద్దు, పేరు పెట్టి పిలిస్తే బిడ్డ ఎవరి వెంటైనా పోతుంది.

ట్రాక్టరు ట్రక్కు, డీసీఎం వ్యాను, మనుషుల్ని కుక్కిన ఆటో, ఇవి వద్దే వద్దు. సామాన్లు మోసే బండ్లలో మనుషుల్ని ఎక్కించడం చట్టానికీ విరుద్ధం. 2023 డిసెంబరు 9 నుంచి మన రాష్ట్రంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు, ఆడపిల్లలకు టికెట్ లేదు. అయిదేళ్ళ లోపు మగపిల్లలకూ లేదు. మధిర దాకా పోవాలన్నా బస్సే మేలు.

చేతి సంచిలో ఓఆర్ఎస్ పొట్లాలు, నీళ్ళు, సబ్బు, శుభ్రమైన గుడ్డ, దూది ఉండాలి. కుక్క గాని కోతి గాని కరిస్తే వెంటనే సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో పావుగంట కడిగి, సర్కారు దవాఖానాకు తీసుకెళ్ళి టీకా వేయించాలి. పసరు, కారం పెట్టొద్దు. పాము కరిస్తే తాడు కట్టొద్దు, కోయొద్దు, బిడ్డను కదలనివ్వకుండా ఎత్తుకుని దవాఖానాకు పోవాలి. 108కి ఫోన్ చేయాలి. పిల్లలకు ఏ ఆపద వచ్చినా 1098 ఉంది.

రోజు ఎంచుకోవడం కూడా మన చేతిలో ఉంది. మార్చి దాటితే మన ఖమ్మం ఎండ సంగతి చెప్పక్కర్లేదు. మిర్చి కోతల్లో తల్లులకు కూలి పోతుంది. అందుకే దగ్గరి చోట్లు నెలకొకటి, రెండు గంటల్లో అయ్యేట్టు పెట్టుకుంటే ఎవరి కూలీ పోదు. తోడు రావడానికి తల్లులే కాదు, నాయనమ్మలు, తాతలు, నాన్నలు కూడా వంతులు వేసుకోవాలి. బిడ్డ చేయి పట్టుకుని నడవడం ఆడవాళ్ళ పని అని ఎక్కడా రాసిలేదు.

వచ్చాక పని కూడా ఉంది. టీచరమ్మ అడగాలి: ఏం చూశాం, ఏం వాసన వచ్చింది, ఎవరు ఏం చేస్తున్నారు? పలక మీద గీయనివ్వాలి. గీత వంకరగా ఉన్నా దిద్దొద్దు. రాత్రి ఇంట్లో మనం కూడా ఒక్కసారి అడగాలి. ఫోన్ పక్కన పెట్టి అడగాలి. బిడ్డ చెప్పే ఆ నాలుగు ముక్కల కోసమే కదా ఇంత చేసింది.

అక్కలారా, చివరిగా మా ప్రతిపాదన. టూరు అడిగిన గ్రామ సంఘాలకు డబ్బు ఇవ్వొద్దని మేము అనడం లేదు. ఒక దూరపు టూరుకు అయ్యే డబ్బుతో ఒక సెంటరు పిల్లలు ఏడాదంతా నెలకొక దగ్గరి చోటు చూడొచ్చు. కాబట్టి సమాఖ్య ఇచ్చేది నెలనెలా దగ్గరి సందర్శనలకు ఇవ్వాలి. దూరపు టూరు అయిదేళ్ళు నిండినవాళ్ళకు మాత్రమే, ఏడాదికి ఒకటే, బిడ్డకొక పెద్దమనిషి తోడుతో, నీళ్ళ చోటు కాకుండా ఉంటేనే ఒప్పుకోవాలి. ముందురోజు చోటు చూసి వచ్చిన ఇద్దరు అక్కలు గ్రామ సంఘం రిజిస్టర్లో సంతకం పెట్టాకే టూరు బయల్దేరాలి. సంతకం పెడితే బాధ్యత తెలుస్తుంది. అప్పు మీద సంతకం పెట్టేటప్పుడు మనం ఎంత ఆలోచిస్తామో, బిడ్డ మీద పెట్టేటప్పుడు అంతకంటే ఎక్కువ ఆలోచించాలి కదా!

ఈ ప్రతిపాదన మీద గ్రామ సంఘాలు తమ మీటింగుల్లో మాట్లాడి, ఒప్పుకున్నదీ ఒప్పుకోనిదీ మాకు రాసి పంపాలని కోరుతున్నాం. మాకు తోచినవే సరైనవని మేము అనుకోవడం లేదు. మీ ఊళ్ళో ఇంకా మంచి చోటు ఉంటే చెప్పండి, వచ్చే ఏడు ఈ పుస్తకంలో అది మీ పేరనే రాసుకుందాం.

ఆ రోజు బల్ల కింద నిద్రపోయిన పాప ఇప్పుడు పెద్ద బడికి పోతోంది. ఎదురుపడితే "అత్తా, మళ్ళీ ఎప్పుడు తీసుకెళ్తారు?" అని నవ్వుతూ అడుగుతుంది. దానికేమీ గుర్తులేదు. మాకు మాత్రం గుర్తుంది. గుర్తుండాలి కూడా.